మూడో నంబరు పనులు

మేడ్చల్‌లో మా ఫ్యాక్టరీ ఆఫీసు గది బయట, గుమ్మానికి ఎడమ పక్కన ఒక చిన్న బల్ల ఉంది. నిరుటి దాకా దాని మీద ఒక పెద్ద రిజిస్టరు, దానికి దారంతో కట్టేసిన ఒక పెన్ను ఉండేవి. దారం ఎందుకంటే, మా వాళ్ళు పెన్ను కనిపిస్తే జేబులో పెట్టుకోకుండా ఉండలేరు. ఇప్పుడా బల్ల మీద మంచినీళ్ళ సీసాలు పెడుతున్నారు. రిజిస్టరు శామీర్‌పేటలో మా అక్క ఇంట్లో, టీవీ పక్కన ఉంది. ఆఫీసు రిజిస్టరు అక్క ఇంటికి ఎందుకు వెళ్ళిందని మా ఆఫీసు అమ్మాయి ఒకసారి అడిగింది. అవసరం ఉండి తీసుకెళ్ళానని చెప్పాను. అసలు సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నేను అట్టపెట్టెలు చేసే మనిషిని. మీ ఇంటికి పార్సిల్ ఏదైనా వస్తే ముందుగా చింపి అవతల పారేస్తారే, అదే మా సరుకు. ఇరవై రెండేళ్ళ కిందట ఒక్క రేకుల షెడ్డులో మొదలుపెట్టాను. అప్పటికి ఇటువైపు ద్రాక్షతోటలు ఇంకా మిగిలి ఉండేవి. మేం మొదట చేసిన పెట్టెలు ద్రాక్షపండ్లకే. తర్వాత తోటలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లలో గోదాములు లేచాయి, మా పెట్టెల్లోకి పండ్ల బదులు మందుల సీసాలు ఎక్కాయి. ఒక షెడ్డు మూడు షెడ్లయింది. నేనూ పెద్దవాణ్ణయ్యాను. అంటే, నన్ను కలవాలంటే ముందుగా ఎవరినో అడగాల్సినంత పెద్దవాణ్ణి.

మొదటి రోజు నుంచీ నాతో ఉన్నది ఒక్క మా బావ. మా అక్క భర్త. ఆయన కుత్బుల్లాపూర్ వైపు ఒక కార్ఖానాలో మెషీన్ మీద పనిచేసుకుంటూ హాయిగా ఉంటే, నేనే వెళ్ళి బతిమాలి తెచ్చుకున్నాను. కాగితాన్ని వేడి రోలర్ల మధ్య నడిపి, అలలు అలలుగా మడతవేసి, జిగురుతో అంటించే మెషీన్ మాది. షెడ్డు మొత్తానికి గుండెకాయ అదే. దాని రొద ఎంతంటే, పక్కన నిలబడి మాట్లాడాలంటే నోరు చెవికి ఆనించాలి. అంత రొదలో మా బావ ఆ మెషీన్ ఒంట్లో ఏ కీలు నొస్తోందో చెప్పగలిగేవాడు. తల ఒక పక్కకు వంచి, కళ్ళు సగం మూసి కాసేపు వినేవాడు. "రెండో రోలరు కాడ సప్పుడు మారింది. బేరింగ్ పోతాంది," అనేవాడు. మాకెవరికీ ఏ తేడా వినిపించేది కాదు. విప్పి చూస్తే బేరింగ్ పోయే ఉండేది. మెషీన్ అమ్మిన కంపెనీ నుంచి వచ్చిన ఇంజినీరు కూడా రెండుసార్లు ఓడిపోయి ఆయనకు దండం పెట్టి వెళ్ళాడు. నా వ్యాపారం నా తెలివితో నడిచిందని బయట చెప్పుకున్నాను గానీ, సగం ఆయన చెవులతోనే నడిచింది.

ఆ చెవులు ఊరికే వచ్చినవి కావు. మాది అవ్వల కాలం నుంచీ చర్చికి వెళ్ళే కుటుంబం. శామీర్‌పేటలో మా చర్చిలో, మా వాళ్ళ మాటలో గుడిలో, ఢోలక్ మా బావదే. పాట ఎవరు ఎత్తుకున్నా, ఏ శ్రుతిలో ఎత్తుకున్నా, రెండో మాటకల్లా ఆయన వేళ్ళు అందుకునేవి. పదో తరగతి తప్పినా చేతిరాత మాత్రం ముత్యాలే. పాటలన్నీ నోటుబుక్కుల్లోకి ఎత్తి రాసి పిల్లలకు ఇచ్చేవాడు. నేను కాలేజీలో చదివే రోజుల్లో ఆయన పక్కన చాప మీద కూర్చుని తాళాలు వేసేవాణ్ణి. తాళం తప్పితే మోకాలితో నా మోకాలిని ఒక్కటి పొడిచేవాడు, పాట ఆపకుండానే.

ఇంట్లో నన్ను బామ్మర్ది అనేవాడు. ఫ్యాక్టరీలో పదిమంది చేరాక తనంతట తానే సార్ అనడం మొదలుపెట్టాడు. అందరి ముందు బామ్మర్ది అంటే మిగతావాళ్ళు నా మాట వినరని ఆయన లెక్క. మొదటిసారి విన్నప్పుడు ఎబ్బెట్టుగా అనిపించింది. వద్దు బావా అనాలి కదా, అనలేదు. నెల తిరిగేసరికి అలవాటైంది. ఆ తర్వాత, నిజం చెప్పాలంటే, బాగానే ఉంది.

పని పెరిగిన కొద్దీ నాకు ఊపిరాడని రోజులు వచ్చాయి. ఒకవైపు ఫోన్లు, ఒకవైపు లారీలు, కాగితం మిల్లువాళ్ళు, కరెంటు వాళ్ళు. ప్రతివాడూ నా గుమ్మంలోనే నిలబడేవాడు. తీరిక లేదని చెప్పుకోవడం నాకు ఇష్టంగా కూడా ఉండేది, దాచుకోవడం ఎందుకు. పెళ్ళిళ్ళకు ఆలస్యంగా వెళ్ళి, భోజనం చేయకుండా వచ్చేయడం ఒక గొప్పగా ఉండేది. అలాంటప్పుడు సిటీలో ఒక హోటల్లో వ్యాపారస్తులకు రెండు రోజుల క్లాసు పెడితే వెళ్ళాను. అక్కడ పాఠం చెప్పినాయన ఒకటే మాట రెండు రోజులు సాగదీశాడు. అన్ని పనులూ సమానం కావు, ఏది ముందో ఏది వెనకో తేల్చుకున్నవాడే నాయకుడు అన్నాడు. మాట తప్పు కాదు, ఇప్పటికీ తప్పు అనను. దాన్ని నేను వాడిన తీరే తప్పు.

తిరిగొచ్చిన మర్నాడే బల్ల వేయించి రిజిస్టరు పెట్టించాను. నాతో పని ఉన్నవాళ్ళు ఎవరైనా సరే గుమ్మంలో నిలబడకూడదు. సంగతేమిటో ఒక్క లైనులో రాసి, పక్కన నంబరు వేయాలి. ఒకటి అంటే ఇవాళే తేలాలి. రెండు అంటే ఈ వారంలో. మూడు అంటే నాకు తీరిక దొరికినప్పుడు. నంబరు ఎవరిది వాళ్ళే వేసుకోవాలి. ఎవరి పని ఎంత అవసరమో వాళ్ళకంటే బాగా ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. మహా తెలివైన ఏర్పాటు చేశానని మురిసిపోయాను.

మొదటి వారంలోనే అసలు రంగు బయటపడాల్సింది. ఆఫీసులో ఏసీ చల్లగా లేదన్న అమ్మకాల మేనేజరుది ఒకటో నంబరు. టీలో చక్కెర ఎక్కువైందన్న లారీ డ్రైవరుదీ ఒకటే. తన కుర్చీ చక్రం ఊడిందని ఒకతను ఒకటి వేసి, దాని చుట్టూ సున్నా చుట్టాడు. నేను అవన్నీ ఏ రోజుకారోజే తేల్చేసేవాణ్ణి. సాయంత్రానికి ఒకట్ల పక్కన నా సంతకాలు చూసుకుంటే కడుపు నిండినట్టుండేది. రెండ్లు అప్పుడప్పుడు చూసేవాణ్ణి. మూడ్లు చదివిన గుర్తు లేదు. మూడు వేసినవాడికే తొందర లేనప్పుడు నాకెందుకు అనుకునేవాణ్ణి.

మా బావ తన సంగతి దేనికైనా మూడే వేసేవాడు. ఇది నాకు తెలియనిది కాదు. చర్చిలో పండుగ భోజనాలు పెడితే ఆఖరి పంక్తిలో, అందరూ తిన్నాక, అడుగున మిగిలిన అన్నం తినేది ఆయనే. ఆఖరికి తన పెళ్ళిలో కూడా వంటవాళ్ళు తిన్నారో లేదో చూసి వచ్చి కూర్చున్నాడని మా అవ్వ చెప్పి చెప్పి నవ్వేది. ముప్పై ఏళ్ళుగా ఆ మనిషిని చూస్తున్నాను. అయినా ఆయన వేసుకున్న నంబరును నమ్మాను. మిగతావాళ్ళ ఒకట్లలో సగం ఒకట్లు కావని కనిపెట్టగలిగినవాణ్ణి, ఈయన మూడు మూడు కాదని కనిపెట్టలేనా? కనిపెట్టగలను. అంత తీరిక ఆయన మీద ఖర్చు పెట్టలేదు, అంతే.

నిరుడు వేసవి ముందు ఒక మందుల కంపెనీ పెద్ద ఆర్డరు ఇచ్చింది. రెండు షిఫ్టులు నడుస్తున్నాయి. ఆ రోజుల్లో మా బావలో కొన్ని మార్పులు నా కంట పడ్డాయి. పిలిస్తే వెంటనే తిరిగేవాడు కాదు. ఏది చెప్పినా నవ్వి తల ఊపేవాడు. మెషీన్ ముందు తల వంచి వినే మనిషి, దాని ఒంటి మీద అరచేయి ఆనించి నిలబడటం మొదలుపెట్టాడు. వయసు మీద పడుతోంది అనుకున్నాను. శనివారం ఇంటికి వెళ్ళేముందు నా గది దాకా వచ్చి "రేపు గుడికి వస్తవా బామ్మర్ది," అని అడగడం ఆయనకు ఏళ్ళ అలవాటు. చూద్దాం బావా అనడం నా అలవాటు. ఆదివారం నేను ఖాళీ ఆఫీసులో కూర్చుని రాబోయే వారం పనులకు నంబర్లు వేసుకునేవాణ్ణి. ఆ వేసవిలో ఆయన అడగడం మానేశాడు. మానేశాడన్న సంగతి కూడా నేను గమనించలేదు.

సరిగ్గా అప్పుడే ఇక్కడి ఫ్యాక్టరీ యజమానులంతా ఒక సమావేశం పెట్టుకుని, పనుల ఒత్తిడిలో ఏది ముఖ్యమో తేల్చుకోవడం ఎలా అని నన్ను మాట్లాడమన్నారు. నా రిజిస్టరు సంగతి అప్పటికి నలుగురికీ పాకింది. నేను ఉబ్బిపోయాను. రిజిస్టరులో ఒక పేజీని ఫోన్‌తో ఫొటో తీసి, హాల్లో తెర మీద పెద్దగా వేయించాను. ఒకట్లు చూపించాను, రెండ్లు చూపించాను. మూడ్ల దగ్గరికి వచ్చేసరికి, వీటిని పక్కన పెట్టగలిగే ధైర్యమే నాయకత్వం అన్నాను. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. ఇంటికొచ్చి ఆ శాలువాను సోఫా మీద అందరికీ కనబడేలా వేశాను.

ఆ తర్వాత పది రోజులకు, పట్టపగలు పదకొండు గంటలప్పుడు మెషీన్ పెద్ద చప్పుడు చేసి ఆగిపోయింది. రోలరు బేరింగ్ పూర్తిగా పట్టేసి, రోలరే పాడైంది. పక్క షెడ్డులో ఉన్న నాకు కూడా అంతకు ముందు నుంచీ ఏదో కీచుమని గీస్తున్నట్టు వినబడుతూనే ఉంది. బావ ఉన్నాడు కదా, చూసుకుంటాడులే అనుకున్నాను. వచ్చి చూస్తే ఆయన మెషీన్ పక్కనే, చేయి ఆనించి నిలబడి ఉన్నాడు. మందుల కంపెనీ లారీ గేటు బయట నిలబడి ఉంది. నా కోపం సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. వచ్చిందంటే కళ్ళు కనబడవు.

"అంత సప్పుడైతాంటే చెవిటోని లెక్క నిలబడ్డవేంది?" అన్నాను. ముప్పై మంది ముందర.

ఆయన నా పెదాల వంక చూశాడు. తర్వాత చుట్టూ ఉన్నవాళ్ళ మొహాల వంక చూశాడు. నేనేమన్నానో మొత్తం అందిందో లేదో గానీ, ఏ రకం మాటో మాత్రం అర్థమైంది. నవ్వబోయి ఆగిపోయాడు. చేతిగుడ్డతో చేతులు తుడుచుకుని, ఆ గుడ్డను మడతపెట్టి మెషీన్ మీద పెట్టి, నెమ్మదిగా గేటు వైపు నడిచాడు. నేను ఆపలేదు. లారీవాడికి ఫోన్ చేసే పనిలో పడ్డాను. అది ఒకటో నంబరు పని.

మర్నాడు బావ రాలేదు. అక్క వచ్చింది. శామీర్‌పేట నుంచి ఆటోలు మారి, ఎండలో నడిచి వచ్చింది. గుమ్మంలో ఆఫీసు అమ్మాయి మా నియమం ప్రకారం రిజిస్టరు చూపించి, రాయమ్మా అందట. అక్క కూర్చుని రాయలేదు. రిజిస్టరు పేజీలు వెనక్కి తిప్పుతూ పోయింది. ఎంతసేపు తిప్పిందో నాకు తెలియదు, నేను లోపల ఫోన్‌లో ఉన్నాను. తర్వాత పెన్ను దారం పుటుక్కున తెంపి, రిజిస్టరు చంకలో పెట్టుకుని నేరుగా లోపలికి వచ్చింది. నా ముందు తెరిచి పెట్టింది.

"ఆరుసార్లు రాసిండు తమ్మీ. ఒక్కసారన్న సదువలేదా?"

చదివాను. ముత్యాల్లాంటి రాత. మొదటిసారి రాసింది ఇది: "చెవి సంగతి. ఒక ఐదు నిమిషాలు మాట్లాడాలి." పక్కన మూడు. వారం తర్వాత: "చెవిలో హోరు తగ్గలేదు. పెద్దాసుపత్రికి పోవాలన్నారు. మూడు రోజులు మెషీన్ మీద వేరే మనిషి కావాలి." పక్కన మూడు. ఆ తర్వాత నాలుగుసార్లు "చెవి సంగతి" అని రెండే మాటలు. అన్నిటి పక్కనా మూడే. పెద్దాసుపత్రి సంగతి రాసిన పేజీ నాకు ఎక్కడో చూసినట్టు అనిపించింది. ఫోన్ తీసి చూశాను. సమావేశంలో తెర మీద వేసిన పేజీ అదే. హాల్లో కూర్చున్న అపరిచితులు కొందరైనా ఆ లైను చదివే ఉంటారు. నేను దాన్ని వెనక పెట్టుకుని నిలబడి ధైర్యం గురించి ఉపన్యాసం ఇచ్చాను.

జరిగిందేమిటో అక్క చెప్పింది. బావకు ఒక చెవి చాలా ఏళ్ళ నుంచే మందగించిందట. రెండోదాంతో నెట్టుకొస్తున్నాడు. ఒకరోజు పొద్దున లేచేసరికి ఆ రెండో చెవిలో హోరు, తల తిరగడం, సగం వినికిడి లేదు. ఊళ్ళో డాక్టరు చూసి, ఇది నా వల్ల కాదు, ఆలస్యం చేయకుండా చెవి డాక్టరు దగ్గరికి పో, మెషీన్ దగ్గర మాత్రం నిలబడకు అని చీటీ రాసిచ్చాడు. పెద్ద ఆర్డరు నడుస్తోంది, చెప్పకుండా పోతే బామ్మర్ది ఆగమైతడని బావ పోలేదు. నాకు చెప్పి పోదామని రాశాడు. నేను పిలుస్తానని చూశాడు. అక్కకు కూడా ఈ మధ్యే, ఆమె ఒకటి అంటే ఆయన ఇంకోటి అందుకుంటుంటే, గట్టిగా నిలదీస్తే చెప్పాడట. బామ్మర్దికి చెప్పాను, తనే చూస్తానన్నాడు అని అక్కతో అబద్ధం కూడా ఆడాడు. నన్ను కాపాడటానికి ఆడిన అబద్ధం అది.

నంబర్లన్నీ పక్కన పడేసి ఆ రోజే బావను కారులో ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, ఎన్నేళ్ళుగా ఆ రొదలో ఉన్నాడని అడిగింది. నేను ఇరవై ఒక్కేళ్ళు అన్నాను. చెవులకు రక్షణ ఏమీ పెట్టుకోలేదా అంది. పెట్టుకునేవి మా దగ్గర ఉన్నాయి. తనిఖీకి వచ్చే రోజున బీరువాలోంచి తీసేవాళ్ళం. అవి పెట్టుకుంటే మెషీన్ వినబడదని బావ అనేవాడు, ఆయనకు మెషీన్ వినబడటమే నాకూ కావాలి కాబట్టి నేను గట్టిగా చెప్పలేదు. ఆమెతో మాత్రం, ఉన్నాయండీ, ఆయనే పెట్టుకోడు అన్నాను. ఆ మాట అన్నందుకు నా మీద నాకు ఇప్పటికీ అసహ్యం. ఉన్నట్టుండి ఇలా వినికిడి పడిపోయినప్పుడు మొదటి రెండు వారాలే తమకు దొరికే సమయమని, అప్పుడు వస్తే కొంతైనా నిలబెట్టే అవకాశం ఉండేదని ఆమె నెమ్మదిగా చెప్పింది. మేం వెళ్ళింది రెండు నెలల పది రోజులకు. నేను లెక్కపెట్టుకున్నాను. ఆయన మొదటిసారి రాసిన నాటి నుంచి రెండు వారాల్లో నేను తేల్చిన ఒకటో నంబరు పనులు ఏవో కూడా తీసి చూశాను. మళ్ళీ ఏసీ ఉంది. మళ్ళీ కుర్చీ చక్రం ఉంది.

మందులు వాడారు, చెవికి యంత్రం పెట్టి చూశారు. చప్పుడైందని తెలుస్తుంది గానీ మాట తెలియదు. పాట అసలే తెలియదు. వానాకాలం వచ్చేసరికి ఆ మిగిలిన చప్పుడు కూడా పోయింది.

క్షమించమని అడగడానికి అక్క ఇంటికి వెళ్ళిన రోజు చేతిలో రిజిస్టరు పట్టుకెళ్ళాను. రాసి చూపించడానికి అప్పుడు చేతికి దొరికింది అదే. సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి. "తప్పు నాది బావా. క్షమించు" అని రాసి ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు, తిరిగి నాకిచ్చాడు. "బేరింగ్ మార్చినరా? ఎడం దిక్కుది గూడ సూడుండ్రి," అన్నాడు. ఇల్లంతా మారుమోగేలా అన్నాడు. తన గొంతు ఎంత గట్టిగా వస్తోందో ఆయనకు తెలియదు. గల్లీలో పిల్లలు కిటికీలోంచి తొంగి చూసి నవ్వారు. ఆ నవ్వు ఆయనకు వినబడలేదు గానీ కనబడింది. ఆ తర్వాత నుంచి మాట తగ్గించి, చెప్పాల్సింది కూడా రాయడం మొదలుపెట్టాడు. అలా ఆ రిజిస్టరు అక్కడే ఉండిపోయింది.

ఫ్యాక్టరీలో ఇప్పుడు అందరి చెవులకూ రక్షణ ఉంది, పెట్టుకోనివాణ్ణి ఇంటికి పంపుతున్నాను. కొత్త ఆపరేటరును పెట్టాను. బేరింగ్ నొప్పి కనిపెట్టడానికి ఒక పరికరం కొన్నాను. పని ఆగలేదు. నేను లేకపోతే ఆగుతుందని ఇన్నాళ్ళు పరుగెత్తిన పని, బావ లేకుండా కూడా నడుస్తోంది. దీనికి సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదు. ఇంత చేసింది నిరుడు చేసి ఉంటే సరిపోయేది.

వారంలో మూడు రోజులు సాయంత్రం నాలుగింటికి శామీర్‌పేట వెళ్తున్నాను. ఆ వేళకు ఫోన్ కారులోనే వదిలేస్తాను. పక్కపక్కన కూర్చుని రిజిస్టరులో రాసుకుంటాం. ఎవరికి పెళ్ళయింది, చెరువులో నీళ్ళు ఎంత దాకా వచ్చాయి, కొత్త ఆపరేటరు ఎట్లా చేస్తున్నాడు. ఢోలక్ ఆ గదిలోనే మూలన, పాత దుప్పటి కప్పి ఉంటుంది. చర్చిలో ఇప్పుడు ఢోలక్ ఎవరూ వాయించడం లేదు, కీబోర్డు పెట్టారు. బావ మాత్రం ప్రతి ఆదివారం వెళ్తాడని, వెనక బెంచీ మీద కూర్చుంటాడని అక్క చెప్పింది. అందరి నోళ్ళూ కదులుతుంటే చూస్తూ, పాట ఎక్కడి దాకా వచ్చిందో తెలియక, పాటల పుస్తకం ఏదో ఒక పేజీ తెరిచి పట్టుకుంటాడట. ఆడవాళ్ళ వైపు నుంచి అక్క సైగ చేసినా అందదట.

మొన్న వెళ్ళినప్పుడు ఎందుకో ఆగలేకపోయాను. నీకు నా వల్ల ఏం కావాలో చెప్పు బావా, ఏదైనా సరే అని రాశాను. వాళ్ళ అబ్బాయి ఉద్యోగం గురించో, ఇంటి మీద గది వేయడం గురించో, ఇంకో పెద్ద డాక్టరు గురించో అడుగుతాడని, ఏదడిగినా చేసేద్దామని అనుకున్నాను. అడిగితే బాగుండు అనుకున్నాను. చేసేసి కొంచెం తేలికపడదామని నా స్వార్థం. ఆయన కళ్ళజోడు సర్దుకుని పెన్ను అందుకున్నాడు. తర్వాత నిదానంగా, పాటలు ఎత్తి రాసే రోజుల్లోలా ఒక్కొక్క అక్షరం దిద్ది రాశాడు.

"ఆదివారం గుడికి రా. నా పక్కన కూర్చొని ఏ పాట పాడుతున్నారో రాసి చూపియ్యి. అన్ని పాటలు నోటికి వచ్చు. మొదలు తెలిస్తే చాలు."

రాసి పెన్ను మూత పెట్టబోయి ఆగాడు. అలవాటు ప్రకారం ఆ లైను పక్కన నంబరు వేశాడు. మూడు.

నేను పెన్ను లాక్కుని దాన్ని కొట్టేయబోయాను. ఆయన నా చేయి పట్టుకున్నాడు. నా మొహం చూసి ఏమనుకున్నాడో, రాయడం మరిచిపోయి పైకే అన్నాడు. వంటింట్లోంచి అక్క తడి చేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడేంత గట్టిగా అన్నాడు.

"పనుంటె వద్దు బామ్మర్ది. మల్లెప్పుడన్న."